మూడు పట్టణములు – ఒక రుచి

వేసవి యడుగుపెట్టినది మొదలు సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడలో గాని బజారు వెంట నడచిపోవువానికి ఒకే దృశ్యము కానవచ్చుచుండును. మిఠాయి యంగడి వాకిట, బేకరి వాకిట, కిరాణా కొట్టు వాకిట ఒక శీతలపు పెట్టె నిలిచియుండును. తరచుగా ఆ పెట్టె యంగడివానిది కాదు. పెట్టెపై వ్రాసిన పేరు వానిది కాదు. లోపలి సరుకు వాని చేతిపని కాదు. ఆ సరుకునకు పాలిచ్చిన గేదె, ఒకవేళ అది పాలతో చేసినదే యైనచో, ఆ చుట్టుపట్ల మేసినది కాదు. అంగడివానికి దక్కునది కొలదిపాటి కమీషను. తినువానికి దక్కునది క్షణకాలపు చల్లదనము. సమీప గ్రామముల పాడిరైతునకును తోటరైతునకును దక్కునది శూన్యము.

ఈ స్థితిని మార్చుకొనుట ఈ మూడు పట్టణముల వర్తకుల చేతులలోనే యున్నదని మా విశ్వాసము. మిఠాయివారు, బేకరివారు, హోటళ్లవారు, సోడా షర్బతులవారు, బియ్యపు మిల్లులవారు ఒక సంఘముగ నేర్పడి, తమ సీమ పాలు, తమ సీమ బియ్యము, తమ సీమ బత్తాయి కలిపి ఒక ప్రత్యేకమైన ఐసుక్రీమును తయారుచేసి, మూడు పట్టణములలోను ఒకే పేరున అమ్మవలెనని మా సూచన. ఇది నాలుకకు సంబంధించిన స్వల్పవిషయమని కొందరు నవ్వవచ్చును. ఉప్పును స్వల్పవిషయమని 1930 లో నవ్వినవారును ఉండిరి. ఒక జాతి దినదినము కొనుచుండు చిన్న వస్తువులలోనే దాని స్వాతంత్ర్యమో, పారతంత్ర్యమో దాగియుండును.

మంచుగడ్డ మన దేశమునకు వచ్చిన కథయే ఇందుకు నిదర్శనము. 1833 లో ఫ్రెడరిక్ ట్యూడర్ అను అమెరికా వర్తకుడు బోస్టను నగరమునుండి ‘టస్కనీ’ యను నావపై సుమారు 180 టన్నుల మంచును కలకత్తాకు పంపెను. అది అక్కడి చెరువులలో శీతకాలమున గడ్డకట్టిన నీరు. నాలుగు మాసముల ప్రయాణమున కరగినంత కరగి, 100 టన్నుల వరకు గమ్యము చేరెను. 1842 లో చెన్నపట్టణపు సముద్రతీరమున దీని నిలువకై ఒక మేడయే లేచినది. వివేకానందస్వామి 1897 లో బసచేసిన ఐసుహౌసు అదియే. ఎండలో పనిచేయు కూలికి ఆ మంచు తగులలేదు. దొరల పానపాత్రలకే అది చేరెను. తరువాత ఆవిరియంత్రముతో మంచు ఇచ్చటనే తయారగుట నేర్చినంతనే ఆ నావల వర్తకము మాయమైనది. సముద్రములు దాటివచ్చిన వస్తువు అనివార్యమని తోచుటయు, దానిని మనమే చేసికొన్న దినమున దాని యవసరము తీరిపోవుటయు మనకు క్రొత్త కాదు.

నేడు గడ్డ మనది. అందలి కొవ్వు మాత్రము తరచుగా మనది కాదు. మన ఆహారభద్రతా ప్రమాణముల ప్రకారము ఐసుక్రీమను పేరు పెట్టుకొనవలెనన్న అందు పాలవెన్న నూటికి 10 పాళ్లకు తగ్గరాదు. లీటరు తూకము 525 గ్రాములకు తగ్గరాదు. పాలవెన్నకు బదులు వృక్షసంబంధమైన నూనెను గడ్డకట్టించి చేసినదానిని ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని వేరుగా వ్రాయవలెను. చట్టము దీనిని నిషేధింపలేదు. విడిగా పేరు చెప్పుమని మాత్రమే శాసించినది. ఆ పేరు ఇంగ్లీషున, సన్నని యక్షరములలో, డబ్బా ప్రక్కన ఉండును. ఎండలో బిడ్డ చేయి పట్టుకొని వచ్చిన తల్లి దానిని చదివి కొనునా? మన దేశము తనకు కావలసిన వంటనూనెలో సగమునకు పైగా విదేశములనుండి తెప్పించుకొనుచున్నది. అందు ప్రధానమైనది ఇండోనేషియా, మలేషియాల పామాయిలు. ఇంటింట గేదెలున్న సీమలో, పాలులేని మీగడను పాలమీగడయని భ్రమించి కొనుచుండుట మన దౌర్భాగ్యము.

ఈ సీమకు పాలులేవా? మూసీ జలాశయపు ఎడమకాలువ పారినందున సూర్యాపేట చుట్టును గడ్డి కలదు, పాడి కలదు. గేదెపాలలో వెన్న నూటికి 6, 7 పాళ్లుండును. చట్టము కోరిన 10 పాళ్లను చేరుటకు ఆ పాలను కొంత మరగించి, కొంత మీగడ చేర్చిన చాలును. బియ్యము లేదా? నెహ్రూ 1955 డిసెంబరు 10 న శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరపు ఎడమకాలువ 1967 తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతములను వరిపొలములుగ మార్చెను. ఆ వరిని ఆడించుటకు వెలసిన మిల్లులు మిర్యాలగూడకు దేశమంతట పేరుతెచ్చినవి. పండ్లు లేవా? తెలంగాణమున బత్తాయికి నల్లగొండ జిల్లా అగ్రస్థానము. అనుముల, గుర్రంపోడు, పెద్దఅడిశర్లపల్లి ప్రాంతముల తోటలు మిర్యాలగూడకు ఎంతో దూరమున లేవు. ఇన్నియుండియు పాలు పాలుగనే, కాయ కాయగనే, నూకలు నూకలుగనే ఊరు దాటిపోవుచున్నవి. కాయ ధరను దూరపు బజారు నిర్ణయించును. తరుగు పేర దళారి కొంత కోయును. నూకలు కోళ్లదాణాకును, సారాయి బట్టీలకును పోవును. వస్తువు ఏ యూర రూపుమారునో ఆ యూరనే లాభము నిలుచును.

బత్తాయితో ఐసుక్రీము కుదరదని అనుభవజ్ఞులైన మిఠాయివారు చెప్పవచ్చును. వారి మాటలో నిజమున్నది. బత్తాయిరసము పులుపు, పాలలో పోసిన విరిగిపోవును. అంతకన్న గొప్ప చిక్కు మరియొకటి. పిండిన కొన్ని గంటలకు ఆ రసము చేదెక్కును. కాయలో చేదులేని యొక పదార్థము, రసము పిండినపిమ్మట అందలి ఆమ్లముచే మెల్లమెల్లగా ‘లిమోనిన్’ అను చేదుగా మారుటయే ఇందుకు కారణము. కాచిన ఆ మార్పు మరింత త్వరపడును. బండ్లవాడు కాయను ఎదుటనే పిండి ఇచ్చుటకు కారణమిదియే. పెద్ద సంస్థలు బత్తాయిని అంతగా ముట్టకుండుటకు ఇదియొక హేతువు. మన చిన్న వర్తకులకు ఇదియే అదృష్టము. తోటకు రెండుగంటల దూరములో నున్నవాడు కాయను తెచ్చి, పిండిన గంటలోనే గడ్డకట్టించగలడు. దేశపు ఆ కొననున్న కర్మాగారము అట్లు చేయజాలదు.

పాలు విరుగుటకును ఉపాయము లేకపోలేదు. రసమును పాలలో కలుపనక్కరలేదు. పండు తొక్క పైపొరను సన్నగా తురిమి చక్కెరతో నలిపినచో అందలి సుగంధతైలము చక్కెరకు పట్టును. ఆ చక్కెర పాలను విరువదు. రసమును వేరుగా గడ్డకట్టించి, పాలమీగడ నడుమ చారగా నింపవచ్చును. ఇక నూకలు: వానిని పాలలో మెత్తగ నుడికించి రుబ్బినచో, మన పరమాన్నపు చిక్కదనమే ఐసుక్రీమునకును వచ్చును. అన్నము మెతుకుగా నున్న గడ్డకట్టి పలుకగును గాన రుబ్బుట తప్పనిసరి. కర్మాగారములవారు చిక్కదనమునకు వాడు జిగురులలో నొకటి మన గోరుచిక్కుడు జాతి గింజనుండియే తీయుదురు. పరమాన్నపు జిగి యున్నచోట దాని యవసరము చాలవరకు తగ్గును. సూర్యాపేట పాలు, మిర్యాలగూడ నూక, నల్లగొండ తోటల బత్తాయి, కోదాడ బేకరుల కరకరలాడు బిస్కత్తు పొట్లము – ఇట్లు ఒక్క గరిటెడు వస్తువులో సీమ యంతయు ఇముడును. దానిని బత్తాయి పరమాన్నమందురో, మరేమందురో వారి యిష్టము.

వర్తకులు కలియుదురా యని సందేహించువారు ఆంధ్రదేశమును ఒకమారు చూడవలెను. ఆత్రేయపురపు పూతరేకులు ఏ ఒక్క కంపెనీ కల్పించినవి కావు. బియ్యపు పొరను కుండపై తీయు స్త్రీల చేతినేర్పు అది. సర్ ఆర్థర్ కాటన్ పేర ఏర్పడిన అచ్చటి తయారీదారుల సంక్షేమ సంఘము శ్రమించి 2023 లో దానికి భౌగోళిక గుర్తింపును సాధించినది. హైదరాబాదు హలీము తయారీదారులు ఒకరికొకరు పోటీదారులే. రంజాను మాసమున ఒకే వీధిలో ఎదురెదురుగా బట్టీలు వెలిగింతురు. అయినను సంఘముగ కూడి పాకమునకు ఒక కట్టుబాటు నేర్పరచుకొని 2010 లో గుర్తింపును పొందిరి. ఎవని బట్టీ వానిదే, పేరు అందరిది. ఇటలీ దేశమున ఎట్నా అగ్నిపర్వతపు వాలున బ్రాంటె యను చిన్న పట్టణము కలదు. అచ్చటి పిస్తాపప్పుకు ఐరోపా సమాఖ్య రక్షితనామ మిచ్చినది. ఆ పప్పుతో చేసిన ఐసుక్రీము మూలముననే ఆ యూరి పేరు దూరదేశములవారికి తెలిసినది. లావారాళ్లలో పెరిగిన చెట్టు ఒక యూరిని నిలిపినప్పుడు, కాలువనీటి సీమ తన్ను తాను నిలుపుకొనలేదా?

మన తెలంగాణముననే భీమదేవరపల్లి మండలములోని ముల్కనూరు మరియొక పాఠము చెప్పుచున్నది. 1956 లో ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో అచ్చట సహకార గ్రామీణబ్యాంకు లేచినది. ఆ వాతావరణములోనే 2002 లో స్త్రీల సహకార డెయిరీ పుట్టినది. పాలుపోయు స్త్రీలే దాని యజమానులు; ‘స్వకృషి’ యను పేరే వారి సరుకు గుర్తు. 1995 నాటి పరస్పరసహాయక సహకార సంఘముల చట్టము ప్రభుత్వాధికారి పెత్తనము లేకుండ ఇట్టి సంఘములను నడుపుకొనుటకు వీలు కల్పించినది. ఆ చట్టము మన మూడు పట్టణములవారికిని తెరచిన తలుపే.

ఈ సీమలో పాలకును వర్తకమునకును గల పూర్వచరిత్రను మరచుట తగదు. నైజాము పాలనలో గ్రామమునకు దౌరా వచ్చిన అధికారి మకామునకు పాలు, పెరుగు, నెయ్యి ఉచితముగ చేరవలెను, దొరగడీకిని అంతే. అంగడివాడు అధికారి కోరిన సరుకును అడిగిన ధరకో, ధరలేకయో ఇచ్చుకొనవలసినదే. 1921 లో హైదరాబాదున పుట్టిన ఆంధ్ర జనసంఘము మొదట చేపట్టిన కార్యములలో వెట్టిచాకిరిపై పోరాటమొకటి. ‘వర్తక స్వాతంత్ర్యము’ అను పేర ఒక చిన్న పొత్తమునే యది ప్రకటించి, ఇష్టములేని బేరమును కాదను హక్కు అంగడివానికి కలదని చాటెను. తన అంగడిలో ఏమి అమ్మవలెనో తానే నిర్ణయించుకొనుట స్వాతంత్ర్యములో నొక భాగమని మన పెద్దలు ఆనాడే గ్రహించిరి.

ఇప్పుడు ఆ శీతలపు పెట్టె వద్దకు మరల వత్తము. కంపెనీ పెట్టెను ఊరక ఇచ్చినట్లుండును. అందు మరొకరి సరుకు పెట్టరాదను నియమము వెంట వచ్చును. ఇరుకు అంగడిలో రెండవ పెట్టెకు చోటులేదు. రెండవ కరెంటు బిల్లునకు శక్తిలేదు. కాబట్టి ఊరివాడు ఎంత మంచి సరుకు చేసినను నిలుపుటకు స్థలము దొరకదు. ఈ బాధ మనకే కాదు. ఐర్లండులో యూనిలీవరుకు చెందిన హెచ్.బి. యను సంస్థ ఇట్లే చేయగా, ఐరోపా కమిషను 1998 లో దానిని పోటీన్యాయమునకు విరుద్ధమని నిర్ణయించినది. 2003 లో ఐరోపా న్యాయస్థానము ఆ నిర్ణయమును స్థిరపరచినది. ఆ వ్యాజ్యమును నడిపించినది మరొక మహాసంస్థయైన మార్స్ ఫిర్యాదు. మన అంగడివాని పక్షమున అట్టి మహాసంస్థ రాదు. అతనికి సంఘమే బలము. మూడు పట్టణములవారు కలిసి కొన్ని పెట్టెలను తామే కొని, ఉమ్మడి పేరున అంగళ్ల వాకిట నిలిపినచో ఆ కట్టడి సగము సడలును.

ప్రభుత్వమును గూర్చియు ఒకమాట. 2017 లో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు, చిన్న వర్తకులకు సులభముగ నుండుటకై ఏర్పరచిన కాంపోజిషను పద్ధతినుండి ఐసుక్రీము తయారీదారులను వెలివేసిరి. వారితోపాటు వెలివేయబడిన మరి రెండు వస్తువులు పాన్‌మసాలా, పొగాకు! పాలు కాచి బిడ్డలకు మీగడ వడ్డించువానిని పొగాకువాని ప్రక్కన కూర్చుండబెట్టిన ఈ తర్కము మాకు బోధపడలేదు. ఢిల్లీ చిన్న తయారీదారులు సంఘముగ న్యాయస్థానమునకేగగా, 2021 లో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము ఈ విషయమును పునఃపరిశీలింపుమని పన్నుల మండలిని ఆదేశించెను. 2025 సెప్టెంబరు 22 నుండి ఐసుక్రీముపై పన్ను నూటికి 18 నుండి 5 కు తగ్గుట హర్షణీయమే. అయినను ఒంటరిగ మొరపెట్టిన మాటకన్న సంఘము పలికిన మాట న్యాయస్థానపు గడప దాటినదని మనము గుర్తింపవలెను. 2020 లో కేంద్రము ఆరంభించిన సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల పథకమును, యంత్రములకు నూటికి 35 వంతుల రాయితీతోపాటు, ఉమ్మడిపేరుతో విక్రయించు సంఘములకు ప్రచారవ్యయములో 50 వంతుల వరకు సహాయమును నిర్దేశించినది.

సంఘము కట్టుటకన్న నిలుపుట కష్టము. అందుచే మొదటి దినముననే కొన్ని కట్టుబాట్లు వ్రాసికొనవలెను. పాలధరను, బత్తాయిధరను పంటకాలమునకు ముందే రైతులతో కూర్చుండి నిర్ణయింపవలెను. రైతు ప్రతినిధికి సంఘమున స్థానముండవలెను. రైతును పిండి చేసిన స్వదేశీవస్తువు స్వదేశీ కానేరదు. డబ్బాపై పాలవెన్న యెంత, చక్కెర యెంత, చేసిన దినమేది యను వివరములు పెద్ద తెలుగు అక్షరములలో నుండవలెను. పామాయిలు కలిపినవాని పేరు జాబితానుండి తొలగింపవలెను. క్రొత్త వస్తువునకు భౌగోళిక గుర్తింపు వెంటనే రాదు. దానికి కాలము తెచ్చిన కీర్తి కావలెను. కాని 1999 నాటి వ్యాపారచిహ్నముల చట్టము సంఘమునకే చెందు సమష్టిచిహ్నమును అనుమతించుచున్నది. పేరును ఏ ధనవంతుని పేరనో కాక సంఘము పేరనే నమోదుచేయింపవలెను. కానిచో రెండేండ్లలో ఒకడు యజమానియై, తక్కినవారు మరల కమీషనుదారులగుదురు.

అమ్మకము ఎచ్చటయని యడుగనక్కరలేదు. పుణెనుండి హైదరాబాదు మీదుగ మచిలీపట్టణమునకు పోవు 65 వ జాతీయరహదారి సూర్యాపేటను, కోదాడను ఒరసికొనిపోవుచున్నది. సంక్రాంతికి రాజధాని సగము ఖాళీయై ఈ దారినే తూర్పునకు కదలును. కోదాడ తెలంగాణమున తుదిమజిలీ, ఆవల జగ్గయ్యపేట. బీబీనగరు–నడికుడి రైలుదారిపై నున్న మిర్యాలగూడకు గుంటూరు వైపు ప్రయాణికులున్నారు. ఇన్నివేలమంది ఆగి, తిని, పోవుచున్నారు. తాము ఏ సీమలో ఆగితిమో వారి నోటికి తెలియుటలేదు. తాపేశ్వరమున ఆగినవాడు కాజాను, బందరున ఆగినవాడు లడ్డును అడుగును. భానుపురిలో ఆగినవాడు ఏమి యడుగవలెను?

ఆటంకములు లేవని మేము చెప్పుటలేదు. కంపెనీ సరుకు చవుక. నూనె వెన్నకన్న చవుకయైనంతకాలము అది చవుకగనే యుండును. ధరలో దానితో పోటీపడబూనుట తెలివితక్కువ. పోటీ నాణ్యమున, తాజాతనమున జరుగవలెను. వానకాలమున అమ్మకము పడిపోవును. అందుచే ప్రత్యేకముగ ఒక కర్మాగారమును కట్టక, ఉన్న మిఠాయి యంగళ్ల పొయ్యిలను, ఉన్న శీతలగిడ్డంగులను వాడుకొని చిన్నగా ఆరంభించుట మేలు. బత్తాయి ఏడాదికి రెండు కాపులు కాయును. కత్తెరకాపు కాయలు సరిగా ఎండలు ముదురు దినములకే చేతికందును. ఆ యొక్క కాపును నమ్ముకొని మూడు మాసములు నడిపి చూచిన నష్టపోవునదేమి?

కావున మూడు పట్టణముల వర్తకసంఘముల పెద్దలకు మా విజ్ఞప్తి. మీరు పన్నులపై కూడుచున్నారు, పండుగచందాలకు కూడుచున్నారు. రాబోవు కత్తెరకాపునకు ముందు ఈ పనికై ఒక పూట కూడుడు. పాలుపోయువారిని, తోటవారిని ఆ సభకు పిలువుడు. పది శేర్ల పాలతో, ఒక బుట్ట బత్తాయితో అచ్చటనే చేసి, అందరును రుచిచూచి, బాగులేనిచో మరల చేయుడు. ప్రజలకును మా మనవి: మీ యూరివాని పెట్టె తెరచినప్పుడు, ఒక రూపాయి ఎక్కువయైనను, అందలి పాలు ఎవరివని యడిగి కొనుడు. ఆ ప్రశ్నకు ఊరిపేరు సమాధానముగ వచ్చినప్పుడు, మిగిలిన చిల్లర ఊరిలోనే తిరుగుచుండును.